వెనక టైరులో గాలి

ఫిబ్రవరి 9, సోమవారం

ప్రార్థనలు రాసుకోమని పాస్టరమ్మ ఈ పుస్తకం ఇచ్చింది. రాస్తే మనసు నెమ్మదిస్తుందట. ప్రార్థన రావడం లేదు. అందుకని జరిగింది రాస్తున్నాను.

ఈ రోజు ల్యాబ్‌కు వెళ్ళాను. మా ఆయన ఆనంద్ పోయాక మొదటిసారి. ముడిమ్యాల నుంచి చేవెళ్లకు వెళ్ళే ఆటోలో ఇరుక్కుని కూర్చున్నవాళ్ళు కూడా జరిగి నాకు చోటిచ్చారు. దవాఖానలో డాక్టరమ్మ "ఇంకొన్ని రోజులు ఇంట్లనే ఉండకపోయినవా జెన్నీ" అంది. ఇంట్లో ఉండి ఏం చేయాలి మేడమ్ అన్నాను.

సాయంత్రం దాకా రక్తం తీశాను. ఒక్కరికి కూడా రెండోసారి గుచ్చలేదు. నా చేయి ఇంత కుదురుగా ఎప్పుడూ లేదు.

ఇంటికొచ్చాక అత్తమ్మ తిన్నది. నేనూ తిన్నాను.

ఫిబ్రవరి 11

ఏమీ లేదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆనంద్ దోస్తు కల్యాణన్న వచ్చాడు.

బండి చప్పుడు వినగానే అత్తమ్మ లేచి వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ బండి చప్పుడు మా ఇద్దరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు వినిపిస్తే ఆనంద్ చొక్కా వేసుకుంటూ బయటికి పరుగెత్తేవాడు.

నేను గేటు దాకా వెళ్ళాను. మోకాలి కుట్లు మానాయి కాని కల్యాణన్న ఇంకా కుంటుతున్నాడు. బండి బాగు చేయించాడు. వంగిన రిమ్ము మార్చి, కొత్త టైరు వేయించాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"చెల్లె, జర ఇటు చూడు" అన్నాడు.

హ్యాండిల్ మీద చిన్న డబ్బా ఒకటుంది. పైన ముందు టైరు గాలి, కింద వెనక టైరు గాలి అంకెల్లో చూపిస్తుంది. గాలి తగ్గితే ఎర్రగా వెలిగి కీచుకీచుమని మోగుతుంది. రెండు టైర్లకూ గాలి పట్టే చోట మూతల్లాగా బిగించే సెన్సార్లు ఉంటాయి. పోయిన దసరాకు ఆనంద్ వాటిని ఆన్‌లైన్‌లో తెప్పించి కల్యాణన్నకు ఇచ్చాడు. మొదటి వారం నుంచే వెనకది తప్పు చెప్పడం మొదలుపెట్టింది. గాలి నిండుగా ఉన్నా తగ్గిందని మోగేది. పీకేయరాదురా అని ఆనంద్ అంటే, నువ్విచ్చింది పీకనురా అనేవాడు కల్యాణన్న. అది మోగినప్పుడల్లా ఇద్దరూ నవ్వేవారు.

ఇప్పుడు కూడా మోగుతోంది. కింది అంకె పద్దెనిమిది.

కల్యాణన్న జేబులోంచి గాలి కొలిచే గేజ్ తీసి, వెనక సెన్సార్ విప్పి, గేజ్ పెట్టి నాకు చూపించాడు. ముప్పై రెండు.

"చూసినవా? గాలి నిండుగున్నది. ఇది పద్దెనిమిదంటున్నది. ఒట్టి అబద్ధం."

"చూసిన అన్నా."

"ముందు నుంచి గిట్లనే కదా చెల్లె ఇది? ఆనంద్ గూడ అంటుండె కదా?"

"అవునన్నా. గిట్లనే."

అతని మొహం కొంచెం తేటపడింది. సెన్సార్ మళ్ళీ బిగించి వెళ్ళిపోయాడు. ఎలా ఉన్నావని అడగలేదు. అడగలేదని నాకేమీ అనిపించలేదు.

కోపం కూడా లేదు. ఎందుకుంటుంది? అతను ఆనంద్‌ను ఎక్కించుకుని వస్తుంటే బండికి కుక్క అడ్డమొచ్చింది. ఆ రోజు వచ్చినవాళ్ళంతా అదే చెప్పారు.

ఫిబ్రవరి 18

బూడిద బుధవారం. అత్తమ్మ చర్చికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

మళ్ళీ వచ్చాడు. ఈసారి డబ్బాలో తొమ్మిది, గేజ్‌లో ముప్పై మూడు.

సెన్సార్లో కొత్త బ్యాటరీ వేయించాడట. అయినా అంతే. మొయినాబాద్‌లో మెకానిక్ దగ్గరికి వెళ్ళి ముందు మూత వెనక్కి, వెనక మూత ముందుకు మార్పించాడట. అప్పుడు ముందు టైరులో గాలి లేదని మోగిందట. అంటే తప్పు టైరుది కాదు, ఆ మూతదే. ఇదంతా నాకు నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. మళ్ళీ ఎక్కడి మూత అక్కడ పెట్టించాడట.

"మరి తీసి పారెయ్ అన్నా. వేరేది పెట్టుకో" అన్నాను.

నేనేదో అనరాని మాట అన్నట్టు చూశాడు. "ఎట్ల పారేస్త చెల్లె?" అన్నాడు. తర్వాత, "గిది మంచిగుంటే ఆ రోజు టైరు..." అని ఆగిపోయాడు.

ఎండగా ఉంది. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. గేటు బయటే నిలబడి తాగి, గ్లాసు గోడ మీద పెట్టి వెళ్ళాడు.

ఫిబ్రవరి 24

టైరు గురించి ఏదో అన్నాడు. ఏమీ అనలేదేమో. నాకే అలా వినిపించి ఉంటుంది.

మార్చి 1, ఆదివారం

ఈ వారం కల్యాణన్న కన్నా ముందు ఆలూరు నుంచి సాలమ్మ వచ్చింది. అత్తమ్మకు దూరపు చుట్టం. ఆమె కొడుకు ట్రాక్టర్ నడుపుతాడు. ఆ పొద్దున ఆనంద్‌ను లేపి ఆటోలో వేసినవాళ్ళలో అతనొకడు. ఆ సంగతి మాకు ఇన్నాళ్ళూ తెలియదు.

తెలియగానే అత్తమ్మ ఆమె చేయి పట్టుకుంది.

"నా కొడుకు పిలిచిండంటనా? అమ్మా అని గిట్ల ఏమన్న అన్నడా? నీ కొడుకు చెప్పిండా?"

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనూ ఇదే అడుగుతుంది. పోలీసాయనను కూడా అడిగింది. సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మావోడు ఉరికేటాలకు అయిపోయిందవ్వా. ఏం మాట్లాడలేదంట."

"అంతకు ముందు?"

"అంతకు ముందు మావోడు దూరమున్నడు. వెనకొస్తుండె. బండి పాము లెక్క అటిటు ఊగి పడ్డదంట. కుక్క గిక్క ఏం లేకుండెనంట. లేపేటప్పుడు చూస్తే వెనక టైరుల గాలి లేదంట, సదునుగున్నదంట."

అత్తమ్మకు ఆ టైరు మాట ఎక్కలేదు. ఆమెకు కావలసిన జవాబు అది కాదు. నేను చాయ్ పెట్టడానికి లేచాను. చక్కెర రెండుసార్లు వేశాను.

కల్యాణన్న మధ్యాహ్నం వచ్చాడు. పద్నాలుగు, ముప్పై రెండు. చూశానన్నా అన్నాను.

అత్తమ్మ ఊరంతా అడుగుతోంది. చెప్పగలిగినవాడు ఒక్కడే. అతను గేటు దాటి లోపలికి రాడు, ఆమె తలుపు తీసి బయటికి రాదు. మధ్యలో నేనున్నాను. నేను అడగవచ్చు.

ఆనంద్ పిలిచాడో లేదో నాకు తెలియనవసరం లేదు. అందుకే అడగలేదు.

మార్చి 3

కుక్క లేదు.

మార్చి 8, ఆదివారం

అడిగాను. అత్తమ్మ అడిగేది కాదు, వేరేది.

అతను ఎప్పటిలాగే డబ్బా చూపించి, వెనక టైరు దగ్గర కూర్చుని మూత విప్పుతున్నాడు. వెనక నుంచి అన్నాను.

"అన్నా, ఆ రోజు ఇది మోగిందా?"

మూత కింద పడింది. మట్టిలో వెతుక్కుని, చొక్కాకు తుడిచాడు.

"ఇది ఎప్పుడూ మోగుతది చెల్లె."

"టైరుల గాలి లేకుండెనంట కదా."

"పడ్డంక లేకుండె. పడకముందు ఉండెనో లేకుండెనో..." గేజ్ నా వైపు చాపాడు, నేను చూడాలన్నట్టు. "మెకానిక్‌ను గూడ అడిగిన. రిమ్ము రాయికి తాకి వంగిందట. పడ్డంక గాలి పోయిందో, గాలి పోయే పడ్డమో దేవునికే ఎరుక అన్నడు. చూడు, ముప్పై రెండున్నది. ఇది ఇరవై అంటున్నది. ఇప్పుడు అబద్ధమాడితే అప్పుడు గూడ ఆడినట్టే కదా? కాదా?"

అప్పుడు అర్థమైంది, ఈ ఆదివారాలన్నీ ఎందుకు వస్తున్నాడో. ఆ సెన్సార్ పాడై ఉండాలి. ఎప్పుడూ పాడై ఉండాలి. ప్రతి వారం అది తప్పు చెప్పాలి, తప్పు చెప్పిందని నేను ఒప్పుకోవాలి. దానితో అతనికి ఇంకో వారం గడుస్తుంది.

"కుక్క అన్నరు మరి" అన్నాను.

"నేననలే చెల్లె. దవాఖానల ఎవరో అన్నరు. నేను కాదనలే."

మూత బిగించి అతనే అడిగాడు. "నా మీద కోపమున్నదా?"

"లేదన్నా."

ఈసారి అతని మొహం తేటపడలేదు.

మార్చి 10

ల్యాబ్‌లో రద్దీ. చేయి కుదురుగానే ఉంది. రక్తం చూడలేనివాళ్ళు మొహం పక్కకు తిప్పుకుంటారు. అయిపోయిందని చెప్పేదాకా వాళ్ళకు తెలియదు. అయిపోయిందా, నొప్పే తెలువలే అంటారు.

నాకు కోపం లేదు.

మార్చి 15, ఆదివారం

కల్యాణన్న రాలేదు.

పొద్దున చాలాసేపు గేటు దగ్గరున్నాను. బట్టలు ఆరేయడానికి. ఉతికినవి మూడే ఉన్నాయి.

మార్చి 19, గురువారం

ఉగాది. ల్యాబ్‌కు సెలవు.

సంతోషి వచ్చింది, కల్యాణన్న భార్య. పండగ పూట వాళ్ళ ఇంట్లో పెద్ద హడావుడి ఉంటుంది. పోయినేడు పచ్చడి, పోళెలు డబ్బాలో పెట్టి ఆనంద్‌తో పంపింది. ఈసారి వట్టి చేతులతో, నలిగిన చీరతో స్కూటీ మీద వచ్చింది. అత్తమ్మ ఆమెను చూసి లోపలికి వెళ్ళలేదు, కాని మాట్లాడనూ లేదు. మేము వంటింట్లో కూర్చున్నాం.

"అక్కా, ఆయన దుకాణం పోతలేడు. మా మామ కాశీనాథ్ కూసుంటున్నడు. ఆయనకు బీపీ. ఎన్ని రోజులు కూసుంటడు?"

నెమ్మదిగా విషయం చెప్పింది. పోయిన శుక్రవారం కల్యాణన్న విత్తనాల సంచులు వేసుకుని మొయినాబాద్ నుంచి వస్తుంటే డబ్బా మోగింది. ఎప్పటిలాగే అబద్ధమనుకున్నాడు. ఇంటికొచ్చి బండి ఆపాక చూస్తే వెనక టైరు నేలకు అంటుకుపోయి ఉంది. లోపల మేకు.

"ఈసారి నిజం చెప్పిందక్కా అది. గంతే. ఆ టైరు ముంగట కూసున్నోడు పొద్దుగూకే దాకా లేవలే. అన్నం లేదు, మాట లేదు. మర్నాటి సంది పొద్దున లేస్తడు, ఆనంద్ బావ పడ్డ తావుకు పోతడు, ఆడనే కూసుంటడు. ఆ రోడ్డు మీద లారీలు ఎట్ల పోతయో నీకు తెల్వదా? నాకు బుగులైతున్నదక్కా. ఏం చేసుకుంటడో అని."

కుళాయి కారుతోంది. లేచి కట్టేశాను.

"నువ్వొక్క మాట చెప్పు. నీ తప్పేం లేదన్నా అని ఒక్క మాట. మేమందరం చెప్పినం, ఎవ్వరి మాట ఇనడు. నువ్వు చెప్తే ఇంటడు."

"చూస్త" అన్నాను.

"చూస్త అనకు. ఐతారం వచ్చి తోలుకపోత" అంది. వెళ్ళేటప్పుడు నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆమె చేయి వేడిగా ఉంది. నా చేయి చల్లగా ఉందని అప్పుడు తెలిసింది.

మార్చి 20

నీ తప్పేం లేదన్నా.

తల దువ్వుకుంటూ అద్దంలో చూసి అన్నాను. బాగానే వచ్చింది. ఆటోలో మనసులో అనుకున్నాను. ల్యాబ్‌లో ట్యూబుల మీద పేర్లు రాస్తూ అనుకున్నాను. చిన్న మాటే. అనడానికి ఏమీ కష్టం లేదు.

మార్చి 21

నీ తప్పేం లేదు.

మార్చి 22, ఆదివారం

చర్చి నుంచి రాగానే సంతోషి వచ్చింది. అత్తమ్మకు బజారుకు వెళ్తున్నామని చెప్పాం.

రోజూ చేవెళ్ల దాకా వెళ్తాను కాని, ఆ తర్వాత మొయినాబాద్ వైపు రెండు నెలలుగా నేను వెళ్ళలేదు. పని లేదు కాబట్టి వెళ్ళలేదు అనుకునేదాన్ని. చేవెళ్ల దాటాక సంతోషి నడుము పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. బండి ఆగితే తెరిచాను.

మామూలు మలుపు. ఏదో పెద్ద గుంత, పెద్ద రాయి ఉంటుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు. రోడ్డు పక్కన ఒకాయన పుచ్చకాయలు కుప్ప పోసి గొడుగు కింద అమ్ముతున్నాడు. కొంచెం అవతల కల్యాణన్న బండి స్టాండు వేసి ఉంది. అతను వెనక టైరు దగ్గర గొంతుక్కూర్చుని గేజ్ చూస్తున్నాడు. డబ్బా మోగుతోంది. పక్క నుంచి టిప్పర్ పోతే బండి కదిలింది, అతను కదల్లేదు. గడ్డం పెరిగింది. చెప్పులు లేవు.

సంతోషి దూరంగా ఆగిపోయింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. మాట సిద్ధంగా ఉంది.

"అన్నా, నీ తప్పు..."

"చెప్పకు" అన్నాడు, తలెత్తకుండానే. "సంతోషి చెప్పమన్నదని చెప్పకు చెల్లె."

నిజంగానే మిగతా మాట రాలేదు. అద్దం ముందు వచ్చిన మాట ఇక్కడ రాలేదు. డబ్బా మోగుతూనే ఉంది.

"మోగిందా ఆ రోజు?" అన్నాను.

"మోగింది. మొయినాబాద్ దాటంగనే మొదలైంది. ఈడికొచ్చే దాకా ఎర్రగ మోగుతనే ఉండె."

"ఎందుకు ఆపలే?"

"అబద్ధమనుకున్న." గేజ్ మట్టిలో పెట్టాడు. "గదొక్కటే కాదు. దిగి చూద్దామనుకున్న ఒకపారి. బండి జర స్లో గూడ చేసిన. ఆనంద్ నిద్రల ఉండె చెల్లె. రాత్రంత ఆ ఫంక్షన్ హాల్ల సౌండ్ బాక్సుల కాడ నిలబడ్డడు కదా. బండెక్కిన గడియకే నా భుజం మీద తలపెట్టి పండుకున్నడు. మంచిగ పట్టింది నిద్ర. ఆపితే లేస్తడు, పాపం పండుకోని తియ్, ఇంటికి పోయినంక చూస్త అనుకున్న. గింతే. గింతే జరిగింది."

ఆనంద్ అలాగే పడుకునేవాడు. పెళ్ళిలో సౌండ్ ఆర్డర్ ఉన్న మర్నాడు పొద్దున బస్సులో, ఆటోలో, ఎవరి భుజం దొరికితే వాళ్ళ మీద.

ఆ తర్వాత నేను ఏమన్నానో వరసగా గుర్తు లేదు. అరిచానని సంతోషి చెప్పింది. పుచ్చకాయలాయన లేచి వచ్చాడట. గుర్తున్నంత రాస్తున్నాను.

"నాకు కోపమున్నది" అన్నాను. "చానా ఉన్నది. ప్రతి ఐతారం నా గేటు కాడికొచ్చి గాలి చూపిస్తివి. ముప్పై రెండు, ముప్పై మూడు. గీ ఒక్క మాట చెప్పనీకి నోరు రాలేదా నీకు? లోపల ముసలామె నా కొడుకు పిలిచిండా, నా కొడుకు పిలిచిండా అని ఊరోల్లందర్ని అడుగుతున్నది. నీకు తెలుసు. నువ్వొక్కనివే ఉంటివి ఆడ. గేటు దాటి లోపటికి రాకపోతివి!"

అతను తలెత్తి చూశాడు. ఎవరో ఇన్నాళ్ళకు తనతో మాట్లాడినట్టు చూశాడు.

"నీ తప్పు లేదని నేను చెప్ప. నాతోని కాదు. ఉన్నదో లేదో నాకు తెల్వది, నీకు తెల్వది, మెకానిక్‌కు తెల్వది, గీ డబ్బాకు తెల్వది. రోజు గాలి చూసుకుంట కూసుంటే తెలుస్తదా? తెల్వకుండనే బతకాలె ఇగ. నేను బతుకుత లేనా? నువ్వు గూడ బతుకు. నువ్వు గూడ ఈడనే లారీ కింద పడితే నేనెవరి మీద పెట్టుకోవాలె కోపం? చెప్పు, ఎవరి మీద పెట్టుకోవాలె?"

చేతిలో ఉన్న సంచితో అతని వీపు మీద కొట్టాను. సంచిలో బైబిలు ఉంది. గట్టిగానే తగిలి ఉంటుంది. అతను ఆపలేదు. మొహం మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఏడ్చాడు. నేను నిలబడే ఉన్నాను. బండి సీటు పట్టుకున్నాను. సీటు ఎండకు కాలుతోంది.

చాలాసేపటికి అడిగాను. "పిలిచిండా?"

"లేదు చెల్లె. లేవనే లేదు."

సంతోషి వచ్చింది. డబ్బా వైరు పీకింది, చప్పుడు ఆగింది. ముందు చక్రం మూత, వెనక చక్రం మూత రెండూ విప్పి కొంగుకు తుడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. కల్యాణన్న చేయి చాపబోతే, "ఆనంద్ బావ ఇచ్చినయి పారెయ్య. ఇంట్ల దాస్త. బండికి మాత్రం ఉండొద్దు" అంది. అతను చేయి దించుకున్నాడు.

బండి అక్కడే వదిలి, కల్యాణన్నను ఆటో ఎక్కించి, తాళంచెవి పుచ్చకాయలాయనకు ఇచ్చింది. సాయంత్రం వాళ్ళ మామ మనిషిని పంపిస్తాడట.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. బజారు నుంచి ఏం తెచ్చావని అడిగింది. పక్కన కూర్చున్నాను.

"పిలువలేదంట అత్తమ్మా. కల్యాణన్న చెప్పిండు. నిద్రల ఉండెనంట."

"నిద్రల్నా?"

"ఆయన భుజం మీద తలపెట్టి పండుకున్నడంట. మంచిగ నిద్ర పట్టిందంట. లేవనే లేదంట."

"లేవలేదా?"

"లేవలేదు."

చేతిలో చింతపండు అలాగే ఉంది. "ఎరుకనే కాలేదా వానికి?" అంది. కాలేదు అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. టైరు సంగతి, డబ్బా మోగిన సంగతి కూడా చెప్పాను. దాచి లాభం లేదు. విన్నది.

"చిన్నప్పుడు గూడ గంతే. ప్రార్థనల మోకాళ్ళ మీదున్నోడు గట్లనే పండుకునేటోడు" అంది. చింతపండు పక్కకు పెట్టి, లోపలికి వెళ్ళి చాప మీద పడుకుంది. ఆనంద్ పోయాక పగటిపూట ఆమె నడుము వాల్చడం ఇదే మొదటిసారి చూడటం.

మిగిలిన గింజలు నేను తీశాను. తీస్తుంటే ఏడుపొచ్చింది. రెండు చేతులకూ చింతపండు, కళ్ళు తుడుచుకోవడానికి లేదు. అలాగే కూర్చున్నాను.

మార్చి 24

ఈ రోజు ఇద్దరికి రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. ఒకాయన తిట్టాడు. డాక్టరమ్మ వచ్చి నా చేయి చూసి, పో, జర చాయ్ తాగి రా అంది.

మార్చి 26

నేనెక్కిన ఆటో సంతోషి వాళ్ళ విత్తనాల దుకాణం ముందు ఆగింది. కల్యాణన్న గల్లాపెట్టె దగ్గర కాదు, మెట్ల మీద నిలబడి ఎవరో రైతుకు బెండ విత్తనాల పొట్లాలు చూపిస్తున్నాడు. గడ్డం గీసుకున్నాడు. నన్ను చూశాడు. నేను పలకరించలేదు.

రాత్రి అత్తమ్మకు చెప్తే, "ఐతారం ఆ సావుకారి పిల్లగాన్ని రమ్మను. నేను పిలిచిన్నని చెప్పు" అంది.

నేను చెప్పను అన్నాను. సంతోషికి ఆమే ఫోన్ చేయించింది, పక్కింటివాళ్ళతో.

మార్చి 29, మట్టల ఆదివారం

ఇద్దరూ స్కూటీ మీద వచ్చారు.

కల్యాణన్న గేటు దగ్గర ఆగిపోయాడు, అలవాటు కొద్దీ. అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "లోపటికి రా" అంది. వచ్చాడు. ఆనంద్ ఫోటో వైపు చూడకుండా చాప మీద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఇన్ని దినాలు ఎందుకు రాలే?"

"మొహం చెల్లలే పెద్దమ్మా."

"నా కొడుకును నీ భుజం మీద పండవెట్టుకుంటివి. నాకు చెప్పొద్దా అది?"

అతను తల వంచుకున్నాడు. అత్తమ్మ ముందుకు జరిగింది. "ఏ భుజం?" అంది. అతను ఎడమ భుజం చూపించాడు. ఆమె అక్కడ చేయి పెట్టింది. చొక్కా మీద ఏదో అంటుకుని ఉంటే చూస్తున్నట్టు, నెమ్మదిగా రెండుసార్లు నిమిరింది. "ఈడనా?" అంది. అవును పెద్దమ్మా అన్నాడు. ఆమె చేయి తీయలేదు. సంతోషి మొహం తిప్పుకుంది.

నేను గోడ దగ్గర నిలబడి చూశాను. నేను అలా చేయలేను. ఎప్పటికైనా చేయగలనో లేదో తెలియదు. ఆ భుజం ఉంది, ఆనంద్ లేడు. నాకు ఆ లెక్క ఇంకా మింగుడు పడదు.

వాళ్ళు మాంసం తినరని అత్తమ్మ పొద్దున్నే పప్పు, బెండకాయ వేపుడు చేసింది. గిన్నెలు కూడా కొత్తగా తోమింది. ఆమే వడ్డించింది. "జెన్నీ, నువ్వు గూడ రా బిడ్డా" అని పిలిచింది. ఆకలి లేదన్నాను. నిజానికి ఆకలిగానే ఉంది. వెనక గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాను.

ఇక్కడి నుంచి మాటలన్నీ వినిపిస్తున్నాయి. అత్తమ్మ అడుగుతోంది, ఆ రాత్రి ఆనంద్ ఏం తిన్నాడని. పెళ్ళిలో బగారన్నం తిన్నాడని కల్యాణన్న చెప్తున్నాడు. బండెక్కేముందు టీ తాగాడని, టీలో బిస్కెట్ విరిగి పడితే వేలితో తీసుకున్నాడని. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు అడిగిన పాటే మళ్ళీ మళ్ళీ అడిగి విసిగించారని ఆనంద్ చెప్పిన సంగతి. అత్తమ్మ నవ్వింది. చిన్నగా, దగ్గులాగా. కల్యాణన్న ఇంకేదో చెప్తున్నాడు. గొంతు తగ్గించాడు, సరిగా వినపడడం లేదు.

తలుపు వేసుకుందామని లేచాను. చేయి తలుపు మీద పెట్టాను.

వేయలేదు. అక్కడే నిలబడి విన్నాను.